ఆమెన్ అనేదాకా పాలు ఆగవు

ఈ పని సంగతి నాకు మొదట మోసుకొచ్చింది రత్నమ్మ. మా సంఘంలో బైబిల్ స్త్రీగా, వాక్యం చెప్తూ ఊరూరా తిరిగిన మనిషి. అప్పుడు నేను భద్రాచలం అవతల, అడవి అంచున ఉన్న మా పల్లెలో మిషను కుట్టుకుంటూ ఉన్నాను. రత్నమ్మ చెప్పులు కూడా విప్పకుండా గడపలో నిలబడి చెప్పింది.

"కరుణా, ఖమ్మంల సిస్టర్లు పెద్దపిల్లలకు బడి పెడుతున్నరంట. బుద్ధి నిదానంగ ఎదిగే పిల్లలుంటరు సూడు, వాళ్లు పద్దెనిమిదేండ్లు దాటినంక ఏడికి పోవాలె? వాళ్లకు వండుకునుడు, బస్సెక్కుడు, పని జేసుకునుడు నేర్పుతరంట. చదువొచ్చిన ఆడమనిషి గావాలంట, ఓపిక గల్లది."

"నాకు ఓపిక ఎక్కడిది రత్నమ్మక్కా?"

"చదువైతే ఉన్నది గద. ఓపిక సంగతి ప్రభువు జూసుకుంటడు. జల్దీ పో."

ప్రభువు చూసుకున్నాడు. కాకపోతే ఆ పనికి ఆయనకు చాలా ఏళ్లు పట్టింది. నేను రిటైరైన రోజుకైనా పూర్తయిందని చెప్పలేను.

ఈ మధ్య ఆ సెంటర్‌లో కొత్తగా చేరిన అమ్మాయిలు ఫోన్ చేసి, "మేడం, అడ్మిషన్లప్పుడు ఏం చూడాలో రాసిపెట్టండి" అని అడిగారు. ఏ కాగితం జతచేయాలో ఆఫీసులో చెప్తారు. నేను రాసేవి చాలావరకు నేను తప్పుగా చూసినవి. అందుకే వీటిని నమ్మవచ్చు.

బడి ముఖం చూడని టీచరమ్మ

నేను బడికి పోలేదు. మా పల్లెకూ బడికీ మధ్య ఒక వాగు. ఏడాదిలో సగం రోజులు వాగుదే రాజ్యం. అందుకని సువార్తికుడైన మా నాన్నే ఇంట్లో కూర్చోబెట్టి చదువు చెప్పారు. అక్షరాలు బైబిల్లో దిద్దాను. లెక్కలు అమ్మ దగ్గర మానికలతో, సోలలతో నేర్చుకున్నాను. పదో తరగతి ప్రైవేటుగా కట్టి పాసయ్యాను, తర్వాతి చదువులు దూరవిద్యలో అయ్యాయి. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుంది గానీ, నేను జీవితంలో మొదటిసారి తరగతి గదిలో అడుగుపెట్టింది పాఠం చెప్పడానికే. మొదటి రోజు మధ్యాహ్నం గంట కొడితే ఏం చేయాలో తెలియక అలాగే కూర్చున్నాను. ఒక పిల్ల వచ్చి నా చెయ్యి పట్టుకుని అన్నానికి తీసుకుపోయింది. నేర్పడానికి పోయిన మనిషిని అలా నడిపించుకుపోయిన ఆ పిల్లకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

మా నాన్న దగ్గర ఒక్కటే కట్టడి. ప్రార్థనకు కళ్లు మూస్తే ఆమెన్ అనేదాకా తెరవకూడదు. ఆయన ప్రార్థనలో వానలూ, గోదావరీ, గోదావరి అవతలి ఊళ్లూ, ఆ ఊళ్లలో జ్వరంతో పడుకున్నవాళ్లూ పేరుపేరునా వచ్చేవారు. ఆయన నుంచి నాకు రెండు ఆస్తులు దక్కాయి. కళ్లు మూసుకుని కదలకుండా కూర్చోవడం, ఎంతసేపైనా ప్రార్థించగలగడం. రెండింటికీ నేను దేవునికి కృతజ్ఞతలు చెప్పుకున్నాను. రెండో దానికి మాత్రం నేను తప్ప ఇంకెవరూ చెప్పలేదు.

చింతపండు

మా సెంటర్‌కు పెద్ద ఫిలోమినా సిస్టర్. ఆమె కతోలికురాలు, నేను ప్రొటెస్టెంటు. ఆమెది పుస్తకంలో అచ్చయిన ప్రార్థన, ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో అందరికీ తెలుసు. నాది అల్లుకుంటూ పోయే ప్రార్థన. "కరుణ ప్రార్థన మొదలుపెడితే బియ్యం కడిగి పెట్టుకోవచ్చు, అయ్యేసరికి నానుతయి" అనేది సిస్టర్.

అడ్మిషన్ల గురించి నాకు తెలిసిన మంచి అంతా ఆమె దగ్గర నేర్చుకున్నదే. సీటు కోసం వచ్చిన పిల్లల్ని ఏం అడిగినా తల్లి జవాబు చెప్తుంది. నీ పేరేందమ్మా అంటే తల్లి చెప్తుంది. ఆకలేస్తుందా అన్నా తల్లే చెప్తుంది. అది తల్లుల తప్పు కాదు, ఇన్నేళ్లూ ఆ పిల్లకు నోరు వాళ్లే. సిస్టర్ వాళ్లతో వాదించేది కాదు. వచ్చిన తల్లికి మర్యాదగా కుర్చీ వేసి, ఒళ్లో చేట పెట్టి, "కొంచెం ఈ చింతపండు గింజలు తీసిపెట్టమ్మా, మా వంటమనిషికి చేతకావట్లే" అనేది. చేతికి పని తగిలితే నోరు కాస్త ఆగేది. అప్పుడు పిల్లను అడిగేది. అడిగి, ఊరుకునేది. జవాబు వచ్చేదాకా ఊరుకునేది. ఆ ఊరుకోవడం నాకు చాలా ఏళ్లు రాలేదు. మా సెంటర్‌లో ఏనాడూ గింజ ఉన్న చింతపండు లేదు.

సీటు కావాలంటే మా దగ్గర పద్ధతి ఇది. ముందు మేం వాళ్లింటికి పోయి చూస్తాం. తర్వాత ఒక వారం పిల్ల వచ్చి మా హాస్టల్లో ఉంటుంది. చివర టీ రోజు. ఆ రోజు వచ్చిన పెద్దలకు ఆ పిల్ల టీ పెట్టి ఇవ్వాలి. "టీ మంచిగయిందా అని కాదు చూడాల్సింది. ఏడ ఆగుతరు, ఆగినంక ఏం చేస్తరు, అది చూడు" అనేది సిస్టర్.

ఆ పద్ధతికి నేను నా సొంత తెలివి ఒకటి కలిపాను. ప్రార్థన. రోజూ పొద్దునా సాయంత్రం ప్రార్థనలో పిల్ల కదలకుండా కూర్చున్నదా లేదా అని రాసుకునేదాన్ని. హిందువుల పిల్లలు వచ్చినా ఎవరూ కాదనలేదు, వాళ్లూ చేతులు జోడించి కూర్చునేవాళ్లు. కదలకుండా కూర్చున్న పిల్ల చెప్పిన మాట వింటుందనీ, మాట వినే పిల్ల బాగుపడుతుందనీ నా లెక్క. నేను అలాగే బాగుపడ్డానని నా నమ్మకం.

ప్రభాకర్

ఆ లెక్కలో అన్ని మార్కులూ తెచ్చుకున్నవాడు ప్రభాకర్. వాళ్లమ్మ గర్వంగా చెప్పింది, "మా వాడు కూసోమంటే కూసుంటడు, లెవ్వమంటే లేస్తడు. ఒక్కనాడు ఎదురు చెప్పలే." మొదటి రోజు ప్రార్థనలో నేను ఆమెన్ అన్నాను, అందరూ లేచిపోయారు, వాడు మాత్రం కళ్లు మూసుకునే ఉన్నాడు. ఎంత భక్తి అనుకుని నా కళ్లు చెమర్చాయి. అది భక్తి కాదని, కళ్లు తెరవమని వాడికి ఎవరూ చెప్పలేదని నాకు తోచలేదు.

మా దగ్గర ఉన్నన్నాళ్లూ వాడు అన్నీ నేర్చుకున్నాడు. అన్నం వండాడు, బట్టలు ఉతికాడు, అడ్డాకు విస్తర్ల మిషను మీద పనిచేశాడు. పక్కన ఎవరో ఒకరు చెప్తూ ఉంటే చాలు. చివర్లో బస్సు ప్రయాణం నేర్పాలి. నేను వాణ్ణి రోడ్డు మీద బస్‌స్టాప్ దాకా తీసుకుపోయి, "ఇక్కడే నిలబడు, బస్సు వస్తుంది" అని చెప్పి వచ్చాను. రెండు స్టాపుల అవతల సిస్టర్ ఎదురుచూస్తోంది.

వాడు దిగలేదని సిస్టర్ ఫోన్ చేసింది. వాన మొదలైంది. నేను గొడుగు మరిచిపోయి పరిగెత్తాను. వాడు నేను నిలబెట్టిన చోటే నిలబడి, తల నుంచి నీళ్లు కారుతుండగా నన్ను చూసి నవ్వాడు.

"బస్సు వచ్చింది టీచర్."

"ఎక్కలేదేం నాన్నా?"

వాడు నవ్వు ఆపి నా ముఖంలోకి చూశాడు. ఎక్కమని నేను చెప్పలేదు.

ఆ సాయంత్రం సిస్టర్ అడిగింది. "మనం వానికి ఏం నేర్పినం కరుణా?"

"అన్నీ నేర్పాం సిస్టర్."

"అవ్. అన్నీ మనమే నేర్పినం. అందుకే నిలబడ్డడు."

అప్పట్లో ఆ మాట నాకు అర్థం కాలేదు. చెప్పిన మాట ఎంత బాగా వింటాడో చూడండి అని, ఆ సంగతి సంఘంలో కూడా మెచ్చుకోలుగా చెప్పుకున్నాను. వాడి గడువు పూర్తయి ఇంటికి పోయాడు.

శిరీష

బోనకల్ దగ్గర మిర్చి, పత్తి వేసే కుటుంబం వాళ్లది. తాతల నాడు గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డారు. తల్లి పేరు నాగేంద్రమ్మ. మేం పోయేసరికి వాకిట్లో మిరపకాయలు ఎండుతున్నాయి, ఘాటుకు సిస్టర్ తుమ్ముతోంది.

"నీకేం ఇష్టం శిరీషా?" అని అడిగాను.

"దానికి బెండకాయ వేపుడు ఇష్టమండీ" అంది నాగేంద్రమ్మ.

"ఏం పని వచ్చు?"

"దానికేం వచ్చండీ, నేనే జడేస్తాను, నేనే కలిపి పెడతాను."

సిస్టర్ ముక్కు తుడుచుకుని అడిగింది, "ఇంట్ల చింతపండు ఉన్నదా అమ్మా?"

"బోలెడు ఉందండీ. కావాలా?"

"గింజలు తీసిస్తె బాగుంటది."

నాగేంద్రమ్మ వింతగా చూసి పెరట్లోకి పోయింది. సిస్టర్ శిరీష వైపు తిరిగి ఊరుకుంది. నేనూ పెదాలు బిగపట్టుకుని ఊరుకున్నాను. చాలాసేపటికి శిరీష లేచి లోపలికి పోయి, తలుపు వెనక నుంచి ఒక బ్యాగు తెచ్చి మా ముందు పెట్టింది. అందులో రెండు జతల బట్టలు, దువ్వెన, తువ్వాలు సర్ది ఉన్నాయి.

"చెల్లి హాస్టల్‌కి పోయింది" అంది. "చెల్లి నాకంటే చిన్నది. నేనెప్పుడు పోవాలి?"

మా దగ్గర చేరడానికి వయసు గడువు ఉంది. శిరీషకు అదే ఆఖరి ఏడాది. అమ్మాయిల హాస్టల్లో ఖాళీ ఉన్నది ఒకే ఒక్క మంచం. దాని కోసం ఇంకో ఇంటివాళ్లు కూడా అడుగుతున్నారు. ఆ పిల్ల చిన్నది, మాట వింటుంది, ప్రార్థనలో బొమ్మలా కూర్చుంటుంది. నా మనసు ఎటు మొగ్గిందో చెప్పనక్కర్లేదు.

హాస్టల్లో ఉన్న ఆ వారం శిరీష ఒక్క ప్రార్థనలోనూ చివరిదాకా కూర్చోలేదు. ఆమెన్ అని నేను కళ్లు తెరిచేసరికి ఆమె చోటు ఖాళీగా ఉండేది. దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాను, చెల్లి హాస్టల్లో ఇలా లేస్తే ఇంటికి పంపేస్తారని బెదిరించాను. తల ఊపేది. సాయంత్రం మళ్లీ ఖాళీ. అన్నీ రాసుకున్నాను.

టీ రోజు

ఆ రోజు వంటగదిలో సిస్టర్, మా ట్రస్టు తరఫున రిటైరైన బ్యాంకు మేనేజరు గారు, ఒళ్లో చేటతో నాగేంద్రమ్మ, నేను. శిరీష పాలు కొలిచి గిన్నెలో పోసి పొయ్యి మీద పెట్టింది. వెలిగించడానికి కాస్త తడబడినా వెలిగించింది.

"ముందు ఒక ప్రార్థన చేసుకుందాం" అన్నాను నేను.

"కరుణా, పొయ్యి మీద పాలున్నయి" అంది సిస్టర్.

"చిన్న ప్రార్థనే సిస్టర్."

సిస్టర్ ఒక నిట్టూర్పు విడిచి కళ్లు మూసుకుంది. అందరం మూసుకున్నాం. నేను వానల కోసం కృతజ్ఞతలు చెప్పాను. సిస్టర్ ఆరోగ్యం కోసం, మేనేజరు గారి మోకాళ్ల కోసం అడిగాను. బోనకల్ రైతుల మిర్చికి మంచి ధర రావాలని అడుగుతుండగా పాల వాసన వచ్చింది. తర్వాత తెలిసింది, అందరికీ వచ్చిందట. మేనేజరు గారు వంటగది సిస్టర్‌ది కదా, ఆమె చూసుకుంటుందిలే అనుకున్నారు. నాగేంద్రమ్మ, వీళ్ల దేవుడి దగ్గర మధ్యలో కళ్లు తెరిస్తే పిల్లకు సీటు రాదేమోనని భయపడింది. నేనా, మా నాన్న కట్టడి తలుచుకుని మరింత గట్టిగా కళ్లు మూసుకున్నాను. చుయ్‌మని చప్పుడైంది. టక్‌మని పొయ్యి ఆగింది. ఇక ఆమెన్ అనక తప్పలేదు.

శిరీష మసిగుడ్డతో పొయ్యి తుడుస్తోంది.

"శిరీషా! ప్రార్థనలో లేవొద్దని ఎన్నిసార్లు చెప్పాను?"

"పాలు పొంగినయ్ టీచర్."

"ఆమెన్ అనేదాకా ఆగాలి కదమ్మా!"

"నేను ఆగిన టీచర్" అంది బతిమాలుతున్నట్టు. "పాలు ఆగలే."

మేనేజరు గారు దగ్గు వచ్చినట్టు కండువా అడ్డం పెట్టుకున్నారు. నాగేంద్రమ్మ చేట కింద పెట్టి లేచింది. "తప్పయిపోయిందండీ, అది ఎవరి మాటా వినదండీ. ఎందుకైనా మంచిదని ఇంటి దగ్గర నుంచి తెచ్చానండీ" అంటూ సంచిలోంచి ఫ్లాస్కు తీసింది. వేడివేడి టీ.

"లోపల పెట్టమ్మా" అంది సిస్టర్. "కూర్చో."

శిరీష గిన్నెలోకి చూసింది. పాలు సగమే మిగిలాయి. అక్కడ ఆగిపోయింది. చేట మళ్లీ ఒళ్లోకి తీసుకున్న నాగేంద్రమ్మ వేళ్లు గింజ తీయడం మరిచిపోయాయి. ఆ నిశ్శబ్దం భరించలేక నాకు ఇంకో ప్రార్థన మొదలుపెట్టాలనిపించింది, నిజంగా. అంతలో శిరీష మా అందరి వైపూ తిరిగింది.

"పాలు తక్కువైనయ్. టీ ఎవరికి వద్దు?"

"నాకు వద్దు తల్లీ, షుగర్" అన్నారు మేనేజరు గారు.

శిరీష గిన్నెలోకి మళ్లీ చూసి, ఇంకా చాలవని తేల్చుకుని, నా వైపు వేలు చూపించింది.

"టీచర్, మీకు వద్దు. మీ వల్లనే పొంగినయ్."

సిస్టర్ అంత గట్టిగా నవ్వడం నేను అంతకుముందు వినలేదు. ఆ రోజు నాకు టీ లేదు.

తర్వాత ఆఫీసు గదిలో కూర్చున్నాం. మేనేజరు గారు, "తెలివి ఉన్నది గానీ సిస్టర్, చెప్పిన మాట వినకపోతే పదిమందిలో కష్టం. రెండో పిల్ల నెమ్మదస్తురాలు" అన్నారు. న్యాయంగా చెప్పాలంటే అది నేను పొద్దున ఆయనకు చెప్పిన మాటే.

సిస్టర్ నన్ను అడిగింది. "వారమంత నువ్వే చూసినవ్. ప్రార్థనల ఎందుకు లేచిందంట?"

"తెలియదు సిస్టర్. నేను కళ్లు మూసుకుని ఉన్నాను."

అన్నాక ఆ మాట నాకే వినిపించింది. సిస్టర్ శిరీషను పిలిచింది.

"మొదటి రోజు ప్రార్థనల ఏడికి పోయినవ్ బిడ్డా?"

"నల్లా పోతున్నది. కట్టేసిన."

"తర్వాత?"

"వానొచ్చింది. బట్టలు." కాస్త ఆలోచించి చెప్పింది, "ఇంకోనాడు గేటు తీసి ఉంది. మేక వచ్చింది."

ఆ రోజు తీగ మీద ఆరేసిన బట్టల్లో నా చీర కూడా ఉంది. పొడిగా మడతపెట్టి మంచం మీద ఉంటే, ఎవరో దయగల మనుషులని దేవునికి కృతజ్ఞత చెప్పుకున్నాను. అదీ కళ్లు మూసుకునే.

నాకు బస్‌స్టాప్ దగ్గర తడుస్తూ నిలబడిన ప్రభాకర్ కనిపించాడు. అన్ని మార్కులూ వేసి చేర్చుకున్నాను వాణ్ణి. మా దగ్గరికి రాకముందే వాడికి బాగా వచ్చిన ఒకే ఒక్క విద్యను మేం ఇంకా గట్టిగా నేర్పి పంపాం.

"మంచం శిరీషకే ఇద్దాం" అన్నాను.

"ప్రార్థన చేసి తేలుద్దామా?" అంది సిస్టర్, ముఖంలో నవ్వు దాచుకుంటూ.

"వద్దు సిస్టర్."

నా సర్వీసులో ప్రార్థన వద్దన్నది ఆ ఒక్కసారే. చిన్నపిల్ల కాబట్టి ఆ రెండో అమ్మాయిని మరుసటి ఏడాది తీసుకున్నాం.

నేనే బయటికి పోయి నాగేంద్రమ్మకు చెప్పాను. ఆమె నమ్మలేదు. "అది మాట వినదు కదండీ."

"అందుకేనమ్మా."

ఆమె కాసేపు ఏడ్చింది. ఆ తర్వాత, "మరి పొద్దున్నే జడ ఎవరేస్తారండీ?" అని అడిగింది. నేను జవాబు చెప్పబోయి, సిస్టర్‌ను తలుచుకుని ఊరుకున్నాను. బ్యాగు భుజానికి తగిలించుకుంటూ శిరీష చెప్పింది, "కత్తిరించుకుంటా." నాగేంద్రమ్మ ఏడుపు మధ్యలో నవ్వి, ఫ్లాస్కు మూత తీసి నాకు టీ పోసింది. అంత మంచి టీ నేను ఎన్నడూ తాగలేదు.

ఇక మీకు

శిరీషతో మాకు అంతా సుఖంగా జరగలేదు. నచ్చని పని చేయనంది, కూర బాగాలేదని వంటమనిషితో పోట్లాడింది, ఒకసారి చెప్పకుండా బస్సెక్కి ఖమ్మం బజారంతా చూసి వచ్చింది. ఆ రోజు నేను ఆమెను తిట్టాను, రాత్రి దేవునికి స్తోత్రం చెప్పాను. ఇప్పుడు ఆమె ఒక దవాఖానా క్యాంటీన్‌లో పనిచేస్తోంది. ఖమ్మంలోనే ఖానాపురం హవేలిలో, మా దగ్గర చదివిన ఇద్దరు అమ్మాయిలతో కలిసి కిరాయి గదిలో ఉంటుంది. షేర్ ఆటోలో ముందు సీట్లో కూర్చోనని రోజూ డ్రైవరుతో గొడవ. నా రిటైర్మెంట్ సభకు వచ్చింది. నేను చివరి ప్రార్థన చేస్తూ గోదావరి అవతలికి చేరుకునేసరికి వెనక వరుసలోంచి "ఆమెన్!" అని గట్టిగా వినిపించింది. సభ మొత్తం ఆమెన్ అనేసింది. బిర్యానీ వేడిగా ఉండగానే తిన్నాం.

కాబట్టి కొత్తగా ఈ పనిలోకి వచ్చిన అమ్మాయిలారా, ఏ తల్లైనా "మా వాడు చెప్పిన మాట జవదాటడు" అంటే మురిసిపోకండి. అక్కడే మన పని ఎక్కువగా ఉందని తెలుసుకోండి. వద్దు అనడం వచ్చా అని అడగండి. అడిగి ఊరుకోండి. నాలాంటి పెద్దవాళ్లు మధ్యలో ఏదైనా మొదలుపెడితే మర్యాదగా ఆపండి. మార్కులు వేసేటప్పుడు కళ్లు తెరిచి ఉంచండి. ఇది నేను మాట వరుసకు అనడం లేదు.

ప్రభాకర్ ఇప్పుడు ఇంటి దగ్గరే ఉన్నాడు. మా నిబంధనల ప్రకారం రెండోసారి చేర్చుకోవడం కుదరదు. వీలైనప్పుడల్లా నేను పోయి వస్తుంటాను. మంచం మీద, కూర్చోమన్న చోట, తల దువ్వుకుని కూర్చుని ఉంటాడు. టీ తాగుదామా, మజ్జిగ తాగుదామా అని అడిగి, ఊరుకుంటాను. ఇప్పుడు నాకు ఊరుకోవడం వచ్చు. వాడు నా ముఖం వెతుకుతాడు, ఏది చెప్పమంటావని. చివరికి "మీ ఇష్టం టీచర్" అంటాడు. మళ్లీ పోతాను, మళ్లీ అడుగుతాను.

మీరు ఎప్పుడైనా బస్‌స్టాప్‌లో వచ్చిన బస్సునల్లా వదిలేస్తూ నిలబడిన మనిషిని చూస్తే, ఎక్కమని చెప్పకండి. ఎక్కడికి పోవాలనుందో అడగండి, జవాబు వచ్చేదాకా పక్కన నిలబడండి. ప్రార్థించే అలవాటున్నవాళ్లు మా ప్రభాకర్‌ను తలుచుకోండి. కళ్లు తెరుచుకునే తలుచుకోండి.